కొరియా నోట్ల మీద అందరూ ఆ రెండు వందల ఏళ్లవాళ్లే ఎందుకు?

దక్షిణ కొరియాలో ఇప్పుడు కొత్తగా అచ్చేస్తున్న నోట్లు నాలుగే రకాలు. 1,000 వోన్ల నీలం నోటు మీద తొయ్‌గ్యే యీ హ్వాంగ్ అనే పండితుడు ఉంటాడు. 5,000 నోటు మీద ఉన్న యుల్‌గొక్ యీ యీ కూడా పండితుడే. 10,000 ఆకుపచ్చ నోటు సెజోంగ్ రాజుది. 50,000 పసుపు నోటు షిన్ సైమ్‌దాంగ్ అనే చిత్రకారిణిది. 100 వోన్ల నాణెం మీదున్న నౌకాసేనాని యీ సున్-షిన్‌ని కూడా కలిపితే మొత్తం ఐదుగురు.

ఈ ఐదుగురినీ ఒక వరుసలో పెట్టి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందరికన్నా ముందువాడు సెజోంగ్, 1397లో పుట్టాడు. చివరివాడు యీ సున్-షిన్, 1598లో జపాన్ నౌకలతో పోరాడుతూ కన్నుమూశాడు. అంటే ఐదుగురి జీవితాలూ రెండు వందల ఏళ్లలో ఇమిడిపోయాయి. అందరిదీ జోసొన్ రాజ్యకాలమే. ఐదుగురిలో నలుగురి ఇంటిపేరు యీ. సెజోంగ్ అసలు పేరు యీ దో. మిగిలిన సైమ్‌దాంగ్ ఇంటిపేరు షిన్ అయినా ఆమె మెట్టినిల్లు యీ వారిదే. 5,000 నోటు మీదున్న యుల్‌గొక్ ఆమె కొడుకు. ఆ యుల్‌గొక్‌ది, యీ సున్-షిన్‌ది దొక్సు యీ అనే ఒకే వంశం.

కొరియా చరిత్ర రెండు వందల ఏళ్లది కాదు. అంతకుముందటి శిల్లా రాజ్యకాలపు బౌద్ధ శిల్పం ఉంది. లోహపు అచ్చుతో 1377లోనే పుస్తకం ముద్రించిన గోర్యో రాజ్యం ఉంది. 1910 నుంచి 1945 దాకా సాగిన జపాన్ పాలన, దాని మీద పోరాటం, ఆ తర్వాత సైనిక పాలన మీద తిరగబడిన విద్యార్థులు ఉన్నారు. వీరిలో ఒక్కరి ముఖమూ ఈనాటి నోట్ల మీద లేదు. ఒకే కాలం, దాదాపు ఒకే ఇంటిపేరు ఎందుకు మిగిలాయన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే ఆ దేశపు గత నూట ఇరవై ఏళ్ల గొడవలన్నీ ఒక్కొక్కటిగా ముందుకొస్తాయి.

ముందు వచ్చిన ముఖం పరాయివాడిది

1902లో కొరియా ఇంకా పేరుకు స్వతంత్ర సామ్రాజ్యమే. ఆ రోజుల్లో జపాన్‌కు చెందిన దైఇచి బ్యాంకు అక్కడ సొంతంగా నోట్లు చలామణీలోకి తెచ్చింది. వాటి మీద వేసిన బొమ్మ ఆ బ్యాంకు అధిపతి షిబుసావా ఎయిచిది. పొరుగు దేశపు బ్యాంకరు ముఖం చూస్తూ సొంత ఊరి బజారులో బియ్యం కొనుక్కోవలసి రావడం ఎలాంటి అనుభవమో ఊహించుకోవచ్చు. జపాన్‌లో షిబుసావాకు ఆధునిక వాణిజ్యానికి ఆద్యుడన్న గౌరవం ఉంది. 2024 జులైలో జపాన్ కొత్త 10,000 యెన్ నోటు మీద ఆయన్నే వేసింది. కొరియాలో ఆ వార్త పాత గాయాన్ని మళ్లీ రేపింది.

అంతకుముందు 1963 నుంచి ఇరవై ఏళ్లకు పైగా జపాన్ 1,000 యెన్ నోటు మీద ఇతో హిరోబుమి ఉండేవాడు. జపాన్‌కు ఆయన తొలి ప్రధానమంత్రి. కొరియాకు మాత్రం తమ దేశాన్ని గుప్పిట్లోకి తీసుకున్న తొలి రెసిడెంట్ జనరల్, అంటే జపాన్ తరఫున అక్కడ పెత్తనం చేసిన అధికారి. 1909 అక్టోబరులో చైనాలోని హర్బిన్ రైల్వే స్టేషన్‌లో కొరియా స్వాతంత్ర్య యోధుడు అన్ జుంగ్-గున్ కాల్చి చంపింది ఆయననే. ఇతో ముఖం జపాన్ నోటు ఎక్కింది కానీ, అన్ జుంగ్-గున్ ముఖం ఈనాటికీ కొరియా నోటు ఎక్కలేదు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఆశ్చర్యం వేసింది. తర్వాతి కథ తెలిశాక ఆ ఆశ్చర్యం తగ్గింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1950 జూన్ 12న బ్యాంక్ ఆఫ్ కొరియా ఏర్పడింది. రెండు వారాలు తిరగకముందే యుద్ధం మొదలై, మూడు రోజుల్లో సోల్ నగరం ఉత్తర కొరియా సేనల చేతికి చిక్కింది. ఆ బ్యాంకు తొలి నోట్లను జపాన్‌లో అచ్చువేయించి తెప్పించుకోవలసి వచ్చింది. వాటిలో 1,000 వోన్ల నోటు మీద అప్పటి అధ్యక్షుడు సింగ్మన్ రీ ఉన్నాడు. ఆ పదేళ్లూ నోట్ల మీద ఆయన ముఖానిదే పెత్తనం. 1956లో వచ్చిన 500 హ్వాన్ల నోటులో ఆయన బొమ్మ సరిగ్గా మధ్యలో ఉండేది. అప్పట్లో డబ్బు పేరు వోన్ కాదు, హ్వాన్. జనం నోటును సగానికి మడిచి జేబులో పెట్టుకుంటే మడత అధ్యక్షుడి ముఖం మీదే పడుతోందని గొడవ లేచిందని, అందుకే రెండేళ్లకు బొమ్మను కుడిపక్కకు జరిపారని చెబుతారు.

1960 ఏప్రిల్‌లో ఎన్నికల మోసానికి వ్యతిరేకంగా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. రీ గద్దె దిగి హవాయికి వెళ్లిపోయాడు. ఆ ఆగస్టులోనే కొత్త 1,000 హ్వాన్ల నోటు మీదికి సెజోంగ్ రాజు వచ్చాడు. అప్పటినుంచి బతికున్న పాలకుడి ముఖం దక్షిణ కొరియా నోటు మీద కనిపించలేదు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఉక్కుపిడికిలితో ఏలిన పార్క్ చుంగ్-హీ కూడా నోటు మీద తన బొమ్మ వేయించుకోలేదు.

గొడవ పడలేని రాజు

దక్షిణ కొరియాలో కుడివాళ్లు, ఎడమవాళ్లు, క్రైస్తవులు, బౌద్ధులు, ఏ మతమూ లేనివాళ్లు అందరూ ఒప్పుకునే మనిషి ఎవరంటే సెజోంగ్ పేరే వస్తుంది. కారణం ప్రతి కొరియా మనిషి రోజూ రాసే అక్షరాల్లో ఉంది.

1443లో ఆయన 28 అక్షరాల కొత్త లిపి తయారుచేసి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. అప్పటిదాకా చదువుకున్నవాళ్లు చైనా లిపిలో రాసేవారు. అది వేల గుర్తుల లిపి. సామాన్యుడు తన మొర రాసుకోవాలన్నా వల్ల అయ్యేది కాదు. మన మాట చైనా మాటకు వేరు, అందువల్ల చదువురాని ప్రజలు మనసులో ఉన్నది చెప్పుకోలేకపోతున్నారు, వారిని చూసి జాలిపడి ఈ అక్షరాలు చేశాను అని రాజు తన ముందుమాటలో రాసుకున్నాడు. కొలువులోని పెద్ద పండితుడు చ్వే మల్లి, మరికొందరు 1444లో గట్టిగా అభ్యంతరం పెట్టారు. సొంత లిపి పెట్టుకోవడం అనాగరికుల పని అన్నది వారి వాదం. రాజు వినలేదు.

తెలుగు చదివేవారికి ఈ లిపి తొందరగా పట్టుబడుతుంది. మనకు కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు అని నోట్లో ధ్వని పుట్టే చోటును బట్టి హల్లుల వరుస ఉంది కదా. సెజోంగ్ ఆ చోటునే అక్షరం ఆకారంగా గీశాడు. ‘గ’ లాంటి ధ్వనికి నాలుక మొదలు గొంతును మూసే తీరు, ‘న’కు నాలుక కొస పైకి తగిలే తీరు, ‘మ’కు నోటి ఆకారం. అచ్చులకు ఆకాశానికి గుర్తుగా చుక్క, నేలకు అడ్డగీత, మనిషికి నిలువుగీత. ఇవి కలిసి మన గుణింతంలాగే హల్లూ అచ్చూ ఒక గుంపుగా కూర్చుంటాయి. 28లో ఇప్పుడు వాడుకలో ఉన్నవి 24. మొత్తం లిపిని ఒక్క పూటలో నేర్చుకోవచ్చని కొరియావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాటలో అతిశయోక్తి ఎంతో లేదు.

10,000 నోటు మీద సెజోంగ్ వెనుక కనిపించే సూర్యుడు, చంద్రుడు, ఐదు కొండల బొమ్మ జోసొన్ రాజుల సింహాసనం వెనుక నిలిపే తెర మీది చిత్రం. దానితోపాటు ఈ కొత్త లిపిలో మొట్టమొదట కూర్చిన కావ్యంలోని ఒక పద్యం ఉంది. వేరు లోతుగా ఉన్న చెట్టు గాలికి ఊగదు, లోతైన ఊట నీరు ఎండకు ఎండదు అన్న భావంతో మొదలయ్యే ఆ పద్యంలో చైనా అక్షరం ఒక్కటీ లేదు. నోటు కోసం ఆ ఒక్క పద్యాన్ని ఎంచుకున్నవారికి అక్షరం విలువ తెలుసు.

నోటు వెనుకవైపు అంతా ఖగోళశాస్త్రం. 1395లో రాతి మీద చెక్కిన నక్షత్రపటం ఉంది. 1669 నాటి ఖగోళ గడియారంలోని గోళం ఉంది. పక్కనే బొహ్యొన్సాన్ కొండ మీదున్న 1.8 మీటర్ల టెలిస్కోపు. ఈ మూడింటిలో ఏదీ సెజోంగ్ కాలానిది కాదు. నక్షత్రపటం ఆయన తాతగారి నాటిది. గోళం ఆయన పోయిన రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక వచ్చింది. నీటి గడియారం 1434లో, వర్షమాపకం 1441లో తయారైంది ఆయన ఏలుబడిలోనే. అవి ఉండగా వేరేవి ఎందుకు వేశారని అడిగినవాళ్లు ఉన్నారు. నాకూ ఆ అభ్యంతరం సబబుగానే అనిపిస్తుంది. ఆ నీటి గడియారం చేసిన జాంగ్ యొంగ్-సిల్ ప్రభుత్వ బానిసగా పుట్టినవాడు. అతడి నేర్పు చూసి సెజోంగ్ కొలువులో పదవి ఇచ్చాడు.

నోటు మీద పట్టని రెండు సంగతులు కూడా చెప్పాలి. పొలం పన్ను పద్ధతి మార్చే ముందు 1430లో సెజోంగ్ దేశమంతటా అధికారుల్నీ రైతుల్నీ అభిప్రాయం అడిగించాడు. దాదాపు 1,70,000 మంది జవాబు చెప్పారు. అందులో 98,657 మంది సరేనన్నారు, 74,149 మంది వద్దన్నారు అని రాజ్య దినచర్య గ్రంథంలో అంకెలతో సహా ఉంది. వద్దన్నవాళ్లు అంతమంది ఉన్నారని పద్ధతిని వెంటనే అమలు చేయకుండా ఏళ్లపాటు సవరిస్తూ పోయాడు. ప్రభుత్వ బానిస స్త్రీలకు కాన్పు తర్వాత 100 రోజులు, తర్వాత కాన్పుకు ముందు ఇంకో 30 రోజులు సెలవు ఇప్పించాడు. 1434లో వారి భర్తలకూ 30 రోజులు ఇప్పించాడు. ఆరు వందల ఏళ్ల కింద ఒక రాజు బానిస బాలింతల గురించి ఇంత ఆలోచించాడంటే ఆయన పేరు మీద ఎవరూ తగువు పెట్టుకోకపోవడంలో వింత లేదు.

బుద్ధుడు తప్పుకున్నాడు

అయినా 10,000 నోటు మీద ముందుగా అనుకున్నది సెజోంగ్‌ని కాదు. 1972లో ప్రభుత్వం ఆ నోటును తొలిసారి తేవాలనుకున్నప్పుడు ముందువైపు సొక్కురమ్ గుహాలయంలోని బుద్ధుణ్ని, వెనుకవైపు పుల్గుక్సా దేవాలయాన్ని వేయించింది. రెండూ శిల్లా కాలపు కళకు శిఖరాల్లాంటివి. మాదిరి నోటు మీద అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ సంతకం కూడా చేశాడు. ఆ సంగతి బయటికి రాగానే క్రైస్తవ సంఘాలు లేచాయి. అది దేశ సంపద కాదు, ఒక మతానికి గుర్తు, మా చేతుల్లో రోజూ ఎందుకు ఉండాలి అన్నారు. నోటు ఆగిపోయింది. మరుసటి ఏడు, 1973 జూన్‌లో, సెజోంగ్‌తో 10,000 నోటు వచ్చింది.

ఇలా కొరియా చరిత్రలో వెయ్యేళ్ల బౌద్ధ భాగం మొత్తం నోటు మీదికి రాకుండానే తప్పుకుంది. మిగిలింది కన్ఫ్యూషియస్ బోధను పాటించిన జోసొన్ కాలం. ఆ బోధను మతంగా కాక మర్యాదగా, చదువుగా చూసేవాళ్లే ఎక్కువ కాబట్టి ఏ గుడికీ ఏ చర్చికీ అభ్యంతరం లేకపోయింది.

తేదీలు చూడండి. యుల్‌గొక్ 5,000 నోటు 1972లో వచ్చింది. సెజోంగ్ 10,000 నోటు, యీ సున్-షిన్ 500 నోటు 1973లో వచ్చాయి. తొయ్‌గ్యే 1,000 నోటు 1975లో. సైమ్‌దాంగ్ తప్ప మిగతా ఎంపికంతా పార్క్ చుంగ్-హీ ఏలుబడిలో మూడు నాలుగేళ్లలో జరిగిపోయింది. 1960ల చివర, 1970లలో ఆయన ప్రభుత్వం యీ సున్-షిన్ స్మారక మందిరం హ్యొన్‌చుంగ్సా, తొయ్‌గ్యే చదువు చెప్పిన తొసాన్, యుల్‌గొక్ పుట్టిన ఇల్లు ఒజుఖొన్ వంటి చోట్లను పునరుద్ధరించి యాత్రాస్థలాలుగా మార్చింది. సోల్ నడిబొడ్డున యీ సున్-షిన్ విగ్రహం 1968లో నిలబెట్టింది. దేశం కోసం ప్రాణమిచ్చిన సేనాని, క్రమశిక్షణ నేర్పిన గురువులు, స్వావలంబన చూపిన రాజు: ప్రజలు ఎలా ఉండాలని ఒక సైనిక పాలకుడు కోరుకున్నాడో ఆ వరుసలో కనిపిస్తుంది. పాలకుడి ఉద్దేశం ఏదైనా, ఎంపికైనవాళ్లు నిజంగా గొప్పవాళ్లు. పాలన పోయినా ముఖాలు నిలిచింది అందుకే.

ఎవరూ చూడని ముఖాలు

వీళ్లు బతికుండగా గీసిన చిత్రాలేవీ మిగల్లేదు. నోట్ల మీద మనం చూసేవన్నీ ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారులు ఊహించి గీసిన రూపాలు. మొదటి 5,000 నోటు అచ్చుపలకను ఇంగ్లండ్‌లోని డెలారూ సంస్థ తయారుచేసింది. వచ్చిన యుల్‌గొక్‌కి కోటేరు ముక్కు, లోతు కళ్లు! జనం దాన్ని ‘పాశ్చాత్య యుల్‌గొక్’ అని పిలిచారు. 1977లో కొరియా ముఖంతో కొత్త నోటు వేశారు. మహనీయుల రూపం ఎవరికి తోచినట్టు వాళ్లు గీయకుండా ఒక్కొక్కరికి ఒక ప్రామాణిక చిత్రాన్ని ఖాయం చేసే పద్ధతిని 1973 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది.

అక్కడా ఒక ముల్లు ఉంది. సెజోంగ్ ప్రామాణిక చిత్రం కిమ్ కి-చాంగ్‌ది. యుల్‌గొక్, సైమ్‌దాంగ్‌ల చిత్రాలు కిమ్ ఉన్-హోవి. యీ సున్-షిన్‌ది జాంగ్ ఉ-సొంగ్‌ది. జపాన్ పాలనతో చేతులు కలిపినవారి పేర్లు సేకరించి 2009లో వెలువరించిన నిఘంటువులో ఈ ముగ్గురి పేర్లూ ఉన్నాయి. జపాన్ నౌకల్ని ముంచిన సేనాని ముఖాన్ని ఆ పేరు మోసిన చేతులు గీశాయన్న బాధ చాలామందికి ఉంది. 100 వోన్ల నాణెం మార్చాలన్న మాట అప్పుడప్పుడూ లేస్తూనే ఉంటుంది.

గురువు, అతని తర్వాతి తరం

తొయ్‌గ్యే (1501–1570) పదవులు కోరినవాడు కాదు. రాజు పిలిచినప్పుడల్లా వెళ్లి, వీలైనప్పుడల్లా రాజీనామా చేసి అండోంగ్ దగ్గరి సొంత ఊరికి తిరిగొచ్చేవాడు. నోటు మీద ఆయన పక్కన కనిపించే భవనం సోల్‌లోని సొంగ్‌గ్యున్‌గ్వాన్ విద్యాలయం లోనిది. ఆయన దానికి అధిపతిగా పనిచేశాడు. దాని మీద పరుచుకున్న పూలు ప్లమ్ చెట్టువి. ఆ పూల మీద ఆయన దాదాపు వంద పద్యాలు రాశాడు. చనిపోయే రోజున పూలమొక్కకు నీళ్లు పోయమన్నాడని శిష్యులు రాసిపెట్టారు. వెనుకవైపు ఉన్నది జొంగ్ సొన్ 1746లో గీసిన బొమ్మ. కొండలూ వాగూ మధ్య చిన్న గుడిసెలో ఒక మనిషి కూర్చుని ఉంటాడు.

ఆయన్ని గొప్పవాణ్ని చేసింది ఒక ఉత్తరాల చర్చ. 1559లో మొదలై ఏడెనిమిదేళ్లు సాగింది. అవతలి మనిషి గి దే-సుంగ్ ఆయనకన్నా 26 ఏళ్లు చిన్నవాడు. ప్రశ్న ఇది: మనిషిలోని జాలి, సిగ్గు, వినయం, మంచిచెడుల ఎరుక అనే నాలుగు మొలకలకూ, ఆనందం, కోపం, దుఃఖం, భయం, ప్రేమ, ద్వేషం, కోరిక అనే ఏడు ఉద్వేగాలకూ పుట్టిల్లు ఒకటేనా, వేర్వేరా? లోకాన్ని నడిపే నియమాన్ని ‘రి’ అంటారు, దాన్ని మోసే శక్తిని ‘గి’ అంటారు. మొదటి నాలుగూ ‘రి’ నుంచి, ఏడూ ‘గి’ నుంచి పుడతాయని తొయ్‌గ్యే అన్నాడు. రెంటినీ అలా విడదీయలేం కదా అని కుర్రవాడు అడిగాడు. దేశమంతా గౌరవించే పెద్దాయన, పట్టు విడిచి తన మాటను సవరించుకున్నాడు. గుర్రం, దాని మీద రౌతు కలిసి వెళ్లినట్టు రెండూ కలిసే ఉంటాయి, కానీ ఒకసారి ఒకటి ముందుంటుంది, ఇంకోసారి ఇంకొకటి అన్నాడు. వాదంలో ఎవరు నెగ్గారన్నదానికన్నా ఆ ఉత్తరాల్లోని మర్యాదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

యుల్‌గొక్ (1536–1584) దాన్నీ ఒప్పుకోలేదు. కదిలేది ఎప్పుడూ ‘గి’ ఒక్కటే, ‘రి’ దాని మీద ఎక్కి ఉంటుందంతే అన్నాడు. మాట చిన్నదే కానీ ఫలితం పెద్దది. కదిలేదీ మారేదీ ఈ లోకమే అయితే, పండితుడు ధ్యానంలో కూర్చుంటే సరిపోదు, పన్నులూ సైన్యమూ కూడా సరిచేయాలి. ఊళ్ల నుంచి రకరకాల సరుకులు కప్పంగా లాగే పద్ధతి మాని బియ్యం తీసుకోవాలని ఆయన రాజుకు రాసిపెట్టాడు. తొమ్మిది ప్రభుత్వ పరీక్షల్లో మొదటివాడిగా వచ్చిన యుల్‌గొక్ ఇరవై దాటిన రోజుల్లో, 1558లో, తొయ్‌గ్యేని వెతుక్కుంటూ వెళ్లి కొద్ది రోజులు గడిపాడు. జపాన్ దండెత్తుతుందని ముందే పసిగట్టి లక్షమంది సైన్యం సిద్ధం చేయమన్నాడన్న కథ కూడా ప్రచారంలో ఉంది. అది శిష్యుల రాతల్లో తర్వాత చేరిందని వాదించే చరిత్రకారులు ఉన్నారు కాబట్టి దాన్ని నేను కథగానే చెబుతున్నాను. తొయ్‌గ్యే, యుల్‌గొక్‌ల శిష్యులు తర్వాత రాజకీయ వర్గాలుగా చీలి తరాల తరబడి కొట్టుకున్నారు. ఈనాడు ఇద్దరూ ఒకే పర్సులో సర్దుకుని ఉంటారు.

తల్లి అని పిలవాలా, చిత్రకారిణి అని పిలవాలా

2006లో 5,000 నోటు మార్చారు. ‘77246’ అన్న వరుస సంఖ్యతో దొంగనోట్లు కుప్పలుగా దొరకడమే తొందరకు కారణం. ఆ కొత్త నోటు వెనుక పుచ్చకాయ పాదు, పురుగులు ఉన్న బొమ్మ వేశారు. అది యుల్‌గొక్ తల్లి సైమ్‌దాంగ్ గీసిందని చెప్పే చిత్రం. కొడుకు నోటు వెనుక బొమ్మగా వచ్చిన మూడేళ్లకు, 2009 జూన్ 23న, ఆమే 50,000 నోటు ముందువైపుకు వచ్చింది. ప్రామాణిక చిత్రాలు కిమ్ ఉన్-హోవే అయినా, రెండు నోట్లకూ ముఖాలు గీసింది ఒకే చిత్రకారుడు, యీ జోంగ్-సాంగ్. అంతకుముందు ఒక స్త్రీ కొరియా నోటు మీద కనిపించింది 1962లో. పొదుపు పుస్తకం పట్టుకున్న తల్లీ కొడుకుల బొమ్మ అది. ఆ మే నెలలో వచ్చి, డబ్బు పేరు మళ్లీ వోన్‌గా మారడంతో నెల తిరక్కుండానే పోయింది. అందులోనూ స్త్రీ అంటే పేరు లేని ఒక తల్లే.

2007లో సైమ్‌దాంగ్ పేరు ప్రకటించగానే ఎక్కువ కోపం వచ్చింది స్త్రీవాదులకు. వారి మాట వినదగ్గది. ‘వివేకం గల తల్లి, మంచి భార్య’ అన్న మూసకు వందేళ్లుగా ఆమె పేరునే వాడుతున్నారు. ఆ మూస మాట కూడా జపాన్ ద్వారా వచ్చిన ఆధునిక కాలపుదే. మొట్టమొదటి స్త్రీ ముఖంగా కూడా ఒక గొప్పవాడి తల్లినే పెడతారా అని వారి ప్రశ్న. జపాన్ పాలన మీద 1919లో లేచిన ఉద్యమంలో జైలుకెళ్లి పద్దెనిమిదేళ్లు నిండకుండానే ప్రాణాలు విడిచిన యు గ్వాన్-సున్ లేదా అన్నారు.

అయితే ఈ మూసను పక్కనపెట్టి అసలు మనిషిని చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. సైమ్‌దాంగ్ (1504–1551) గంగ్‌నుంగ్‌లో అమ్మగారింట పుట్టింది. ఐదుగురు ఆడపిల్లల్లో రెండోది. అన్నదమ్ములు లేరు. సైమ్‌దాంగ్ అన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న పేరు. కన్నవారు పెట్టిన పేరు నమ్మదగ్గ రికార్డుల్లో ఎక్కడా లేదు. పెళ్లయ్యాక కూడా ఏళ్ల తరబడి పుట్టింట్లోనే ఉంది. యుల్‌గొక్ పుట్టిన ఒజుఖొన్ ఆమె పుట్టినిల్లు. అప్పటి కొరియాలో పెళ్లికొడుకు అత్తారింట్లో ఉండడం, ఆడపిల్లలకు మగపిల్లలతో సమానంగా ఆస్తి పంచడం మామూలు. ఆమె తల్లి ఐదుగురు కూతుళ్లకూ ఆస్తి పంచిన పత్రం ఇప్పటికీ ఉంది. 5,000 నోటు మీద ఆ ఇంటినీ, దాని చుట్టూ ఉన్న నల్లవెదురునూ చూడొచ్చు. పెద్దకొడుకుకే ఆస్తి, కోడలు అత్తారింటికి రావడమే ధర్మం అన్న కట్టుబాట్లు ఆమె పోయిన వందేళ్లకు గట్టిపడ్డాయి.

బతికున్న రోజుల్లో ఆమెకున్న పేరు చిత్రకారిణిగానే. ద్రాక్షలూ కొండలూ గీయడంలో ఆన్ గ్యొన్ అనే పేరున్న చిత్రకారుడి తర్వాత ఆమే అని ఆ కాలపువాళ్లు రాశారు. ఆరబెట్టిన పురుగుల బొమ్మను నిజం అనుకుని కోడి వచ్చి పొడిచిందని జనం చెప్పుకునే కథ. విందులో ఎవరిదో అరువు పావడా మీద మరక పడితే, ఆ మరక చుట్టూ ద్రాక్షగుత్తులు గీసి అమ్మిపెట్టి కొత్త పావడా కొనిచ్చిందని ఇంకో కథ. 17వ శతాబ్దంలో యుల్‌గొక్ వర్గం పండితులు, ముఖ్యంగా సొంగ్ సి-యొల్, తమ గురువు గొప్పతనానికి మూలం ఆ తల్లి అని పొగడడం మొదలుపెట్టాకే కుంచె వెనక్కి వెళ్లి, చంటిబిడ్డ ముందుకొచ్చాడు.

నోటు ఆ తగవును తీర్చలేదు. ముందువైపు ఆమె పక్కన ఆమెదని చెప్పే ద్రాక్షల చిత్రం ఉంది. వెనుకకు తిప్పితే వెన్నెలలో ప్లమ్ కొమ్మ, గాలిలో వెదురు: ఓ మోంగ్-ర్యోంగ్, యీ జొంగ్ అనే ఇద్దరు మగ చిత్రకారుల పని. చిత్రకారిణిని గౌరవించే నోటుకు రెండు వైపులా ఆమె చిత్రాలే ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

రాని నోటు

1973 నుంచి 2009 దాకా, 36 ఏళ్లు, కొరియాలో అతిపెద్ద నోటు 10,000. మన లెక్కలో సుమారు ఆరు వందల రూపాయలు. పెద్ద మొత్తాలకు బ్యాంకులు ఇచ్చే 100,000 వోన్ల చెక్కులు వాడేవారు. ఇచ్చినప్పుడల్లా వెనుక సంతకం, గుర్తింపు వివరాలు రాయాలి. ఈ ఇబ్బంది పోవడానికి 50,000, 100,000 నోట్లు రెండూ తేవాలని నిర్ణయించారు. చివరి జాబితాలో సైమ్‌దాంగ్, కిమ్ గు, అన్ చాంగ్-హో, జాంగ్ యొంగ్-సిల్ నిలిచారు. 2007 నవంబరులో ఫలితం చెప్పారు: 50,000కు సైమ్‌దాంగ్, 100,000కు కిమ్ గు.

కిమ్ గు (1876–1949) షాంఘైలో ప్రవాస ప్రభుత్వాన్ని నడిపిన స్వాతంత్ర్య యోధుడు. దేశం రెండు ముక్కలవుతుంటే ఒప్పుకోలేదు. 1948 ఏప్రిల్‌లో సరిహద్దు దాటి ప్యోంగ్యాంగ్‌కు వెళ్లి ఉత్తరాది నాయకులతో మాట్లాడాడు. దక్షిణాన విడిగా ప్రభుత్వం వద్దన్నాడు. ఆ ప్రభుత్వానికే సింగ్మన్ రీ అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడు జూన్ 26న ఒక సైనికాధికారి ఇంట్లోకొచ్చి కిమ్ గుని కాల్చి చంపాడు. అంటే అత్యంత విలువైన నోటు మీద కిమ్ గుని పెట్టడం దక్షిణ కొరియా పుట్టుక మీదే ఒక మాట చెప్పడం. రీని దేశపితగా చూసే కుడిపక్షం వారికి అది మింగుడు పడలేదు.

2008లో ప్రభుత్వం మారి, కుడిపక్షానికి చెందిన యీ మ్యుంగ్-బాక్ అధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత నోటు ఆగింది. అధికారికంగా చెప్పిన అడ్డంకి వెనుకవైపు బొమ్మ. అక్కడ కిమ్ జొంగ్-హో 1861లో చెక్కపలకల మీద చెక్కిన దేశపటం వేయాలనుకున్నారు. ఆ పటంలో తొక్తో దీవులు లేవు. జపాన్ తనవని వాదించే దీవులవి. లేకుండా వేస్తే దేశభక్తులకు కోపం. చేర్చి వేస్తే పాత పటాన్ని దిద్దినట్టు. 2009 జనవరిలో పని మొత్తం నిలిపేశారు. పటం వేరేది దొరక్కపోదు కాబట్టి, పటమే అసలు కారణమని నేను నమ్మలేను.

సరిహద్దుకు అవతల ఉత్తర కొరియా నోట్ల మీద చరిత్ర పురుషుల గోలే లేదు. అక్కడ పెద్ద నోటు మీద చాలా ఏళ్లు కిమ్ ఇల్-సుంగ్ ఉన్నాడు. 2014లో 5,000 నోటు మీద ఆయన ముఖం తీసి, పుట్టిన ఇల్లు పెట్టారు. ఇద్దరికీ సొంతమైన సెజోంగ్ దక్షిణాన ఒక్కచోటే డబ్బు మీద ఉన్నాడు. ఆయన చేసిన లిపితోనే రెండు వైపులా నోట్లు అచ్చవుతాయి.

కొరియాలో పెళ్లికి వెళ్లినా, చావింటికి వెళ్లినా మన చదివింపుల్లాగే తెల్ల కవరులో నోట్లు పెట్టి, పేరు రాసి ఇస్తారు. దగ్గరివాళ్లకు ఈమధ్య లక్ష వోన్లు పెట్టడం మామూలైంది. కిమ్ గు నోటు వచ్చి ఉంటే ఒక్క కాగితం సరిపోయేది. కవరులో ఇప్పటికీ రెండు సైమ్‌దాంగ్‌లు పెడుతున్నారు.